'దేశాన్ని చూసి గర్వపడుతున్నారా?' ఈ ఒక్క ప్రశ్నలో ఎన్ని ప్రశ్నలున్నాయి

2025 జూన్ ఆఖర్లో, డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వార్త పెట్టాడు. అమెరికన్ అయినందుకు 'చాలా' లేదా 'విపరీతంగా' గర్వపడుతున్నామని చెప్పేవాళ్ళు అక్కడ నూటికి 58 మందికి పడిపోయారట. గాలప్ సంస్థ ఈ ప్రశ్న మొదటిసారి అడిగిన 2001లో ఆ సంఖ్య 87. అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. వార్త కింద "మా దగ్గర పరిస్థితి ఇది" అని ఒక ముక్క రాశాడు.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా బాబాయ్ వెంటనే అందుకున్నాడు. మన దగ్గర అడిగి చూడమను, ఒక్కడు కూడా లేదనడు అన్నాడు. గుంటూరులో ఇంజనీరింగ్ చదివే మా చెల్లెలు ఊరుకోలేదు. "ఇక్కడ పుట్టడంలో మనం చేసిందేముంది బాబాయ్, గర్వపడటానికి?" అంది. ఇక రాత్రి పదకొండింటి దాకా ఫోన్ మోగుతూనే ఉంది. చంద్రయాన్ వచ్చింది, రోడ్ల మీద గుంతలు వచ్చాయి, సైన్యం వచ్చింది, రిజర్వేషన్లు వచ్చాయి. ఒకాయన అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు కూడా.

మర్నాడు తీరిగ్గా చదువుకుంటే నాకు అర్థమైంది ఏమిటంటే, వాళ్ళు ఒకే విషయం మీద పోట్లాడుకోలేదు. అందరూ 'గర్వం' అన్నారు గానీ, ఎవరి గర్వం వాళ్ళది.

సర్వే వాళ్ళు అసలు ఏం అడుగుతారు

ఈ రంగంలో పెద్ద సర్వేలు రెండు మూడు ఉన్నాయి. 1981 నుంచి నడుస్తున్న వరల్డ్ వాల్యూస్ సర్వే ఒకటి. మీ దేశస్థుడిగా మీకు ఎంత గర్వంగా ఉంది అని అడిగి నాలుగు జవాబులు ఇస్తుంది: చాలా ఉంది, కాస్త ఉంది, పెద్దగా లేదు, అసలు లేదు. ఇంటి గుమ్మంలో ముక్కూమొహం తెలియని మనిషి కాగితాలు పట్టుకుని ఈ ప్రశ్న అడిగితే, 'అసలు లేదు' అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. మా బాబాయ్ అన్నట్టు లెక్క పైనే ఉండొచ్చు. అందులో మనసులోది ఎంత, మర్యాద కోసం చెప్పింది ఎంత అన్నది ఆ లెక్క తేల్చదు.

అంతర్జాతీయ సామాజిక సర్వే కార్యక్రమం అని ఇంకోటి ఉంది. 1995, 2003, 2013, 2023 సంవత్సరాల్లో జాతీయ గుర్తింపు మీద ప్రత్యేకంగా అడిగింది. వీళ్ళు గర్వాన్ని గుత్తగా అడగరు, ముక్కలు చేస్తారు. ప్రజాస్వామ్యం నడిచే తీరు, ప్రపంచంలో దేశానికున్న పలుకుబడి, ఆర్థిక విజయాలు, సామాజిక భద్రత, సైన్స్, ఆటలు, కళలు-సాహిత్యం, సైన్యం, చరిత్ర, అన్ని వర్గాలనూ సమానంగా చూడటం. ఈ పదింటిలో దేని గురించి ఎంత గర్వం అని విడివిడిగా అడుగుతారు.

దీనివల్ల ఏం తేడా వస్తుందో చూడటానికి ఇద్దరిని ఊహించుకుందాం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో నడిపే మనిషి, గుంటూరు బ్రాడీపేటలో ఉండే రిటైర్డ్ లెక్చరర్. మొదటి సర్వేలో ఇద్దరూ 'చాలా ఉంది' అనే చెప్పారనుకోండి. రెండో దానిలో ఆటో ఆయన సైన్యానికీ క్రికెట్‌కూ పూర్తి మార్కులు వేసి, సామాజిక భద్రత దగ్గర నవ్వేసి ఊరుకుంటాడు. లెక్చరర్ గారు సాహిత్యానికీ చరిత్రకూ మార్కులు వేసి, సమానత్వం దగ్గర పెన్ను ఆపేస్తారు. పై లెక్కలో ఇద్దరూ ఒకటే గీత. లోపల ఇద్దరూ రెండు వేర్వేరు దేశాల గురించి మాట్లాడుతున్నారు.

గాలప్ అంకెలోనూ ఇలాంటి మెలికే ఉంది. 2025లో రిపబ్లికన్లలో 92 శాతం మంది గర్వపడుతుంటే డెమొక్రాట్లలో 36 శాతమే. ఆ ఏడాది అధికారంలో ఉన్నది రిపబ్లికన్ పార్టీ ట్రంప్ కదా. దేశం గురించి అడిగిన ప్రశ్నకు చాలామంది ప్రభుత్వం గురించి జవాబు చెప్పినట్టుంది. మన దగ్గరా ఎన్నికల ఫలితాల మర్నాడు అడిగితే ఎవరి జవాబు ఎటు ఊగుతుందో నేను చెప్పక్కర్లేదు.

తెలుగులో గర్వం ఏమంత మంచి మాట కాదు

ఇంట్లో పిల్లాడి గురించి 'వాడికి గర్వం ఎక్కువ' అంటే అది ఫిర్యాదు. పురాణాల్లో గర్వం తలకెక్కిన ప్రతివాడికీ గర్వభంగం రాసిపెట్టే ఉంటుంది. అదే మాట దేశం దగ్గరికి వచ్చేసరికి 'గర్వకారణం' అయిపోతుంది, 'దేశం గర్వించదగ్గ బిడ్డ' అయిపోతుంది. మనిషిలో ఉంటే దిద్దాల్సిన గుణం, దేశం పేరు చెబితే ఉండాల్సిన గుణం ఎలా అయింది?

ఇంగ్లీషు 'ప్రైడ్' వచ్చి ఈ మాట మీద కూర్చుందని నా అనుమానం. మన పాతవాళ్ళు దేశాభిమానం అనేవాళ్ళు. అభిమానంలో ఇష్టం ఉంది, పట్టింపు ఉంది, 'అభిమానం దెబ్బతింది' అన్నప్పటి ఉక్రోషం కూడా ఉంది. గర్వంలో అవన్నీ కనపడకుండా పోయి, పైకెత్తిన తల ఒక్కటే మిగిలింది.

మాటను విడదీయడానికి దేశం కంటే చిన్న ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు కుర్రాడు హైదరాబాద్ హాస్టల్లో 'మా మిర్చి అంటే ప్రపంచమంతా తెలుసు' అంటాడు. వాడు ఒక్క మొక్క నాటలేదు. మిర్చి యార్డులోకి అడుగుపెడితే తుమ్ములతో బయటికి పరిగెత్తే రకం. అయినా ఆ మాటలో నాలుగు సంగతులున్నాయి. ఆ ఘాటు మధ్య పెరిగాడు కాబట్టి దాని మీద ఇష్టం. పండించిన రైతు పనితనం మీద మెచ్చుకోలు. ఆ పేరులో తనకూ కాస్త వాటా ఉందన్న భావం. నాలుగోది, 'మీ ఊళ్ళో ఏముంది?' అన్న పోటీ. ఇష్టానికి కారణం అక్కర్లేదు. మెచ్చుకోలుకు సాక్ష్యం కావాలి. వాటాకు హక్కు చూపాలి. పోటీకి ఎదుటివాడు ఉండాలి.

దేశం విషయంలోనూ ఈ నాలుగూ కలిసే వస్తాయి. ఆ రాత్రి మా బాబాయ్ మాట్లాడింది ఇష్టం గురించి. చెల్లెలు అడిగింది వాటా గురించి. అందుకే ఎంతకీ తెగలేదు.

ఆడని మ్యాచ్ 'మనం' ఎలా గెలుస్తాం

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. అర్ధరాత్రి దాటాక కూడా మా వీధిలో బాణసంచా ఆగలేదు. 'గెలిచాం' అన్నారు అందరూ. 'గెలిచారు' అన్నవాడు ఒక్కడు లేడు.

రాబర్ట్ చాల్దీని అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లో సరిగ్గా ఈ ముక్కనే పరిశోధించాడు. ఏడు యూనివర్సిటీల్లో, తమ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ ఆడిన తర్వాతి సోమవారం నాడు విద్యార్థులు ఏ బట్టలు వేసుకొస్తున్నారో లెక్కపెట్టించాడు. గెలిస్తే యూనివర్సిటీ పేరున్న చొక్కాలు ఎక్కువ కనిపించాయి. ఫోన్ చేసి మ్యాచ్ సంగతి చెప్పమంటే, గెలిచిన మ్యాచ్‌కు 'మనం', ఓడిన మ్యాచ్‌కు 'వాళ్ళు' ఎక్కువగా వాడారు. ఇంకొకరి వెలుగులో చలి కాచుకోవడం లాంటిది ఇది. మనకు కొత్త కాదు. ఓడిన రోజున 'వీళ్ళింతే, ఎప్పుడూ ఇంతే' అని టీవీ కట్టేసేది మనమే.

తెలుగులో ఈ సర్వనామాల ఆట ఇంకా పదునుగా ఉంటుంది. 'మేము', 'మనం' అని మనకు రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. 'మనవాడు' అనే మాట ఎంత సాగుతుందో, ఎంత ముడుచుకుంటుందో చూడండి. న్యూయార్క్ వీధిలో మనవాడంటే భారతీయుడు. ఢిల్లీలో తెలుగువాడు. హైదరాబాద్‌లో కృష్ణా-గుంటూరు వాడు. విజయవాడలో 'మనవాడేనా?' అని గొంతు తగ్గించి అడిగితే ఏం అడుగుతున్నారో ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు. 2016లో సింధు రియోలో రజతం గెలిచినప్పుడు ఈ వలయాలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. దేశమంతా మన సింధు అంది. రెండు తెలుగు రాష్ట్రాలూ మా అమ్మాయంటే మా అమ్మాయని నజరానాలు ప్రకటించాయి. ఆమె కులం ఏమిటో గూగుల్లో వెతికిన వాళ్ళు బోలెడంతమంది అని కూడా వార్తలొచ్చాయి. ఆ గర్వం దేశంతో మొదలై ఎక్కడికి దిగిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

గీత ఎంత చిన్నదైనా చాలు, మనుషులు దానికి ఇటూ అటూ అవుతారని హెన్రీ తాజ్‌ఫెల్ చూపించాడు. ఈయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు బందీ అయి బతికి బయటపడ్డాడు. అయినవాళ్ళు నాజీల చేతిలో పోయారు. తర్వాత ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో స్కూలు పిల్లల్ని, ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఎవరివి నచ్చాయన్న నెపంతో రెండు జట్లు చేశాడు. నిజానికి ఏ పద్ధతీ లేకుండా కలిపేసిన జట్లవి. అయినా డబ్బు పంచమంటే పిల్లలు తమ జట్టుకే ఎక్కువిచ్చారు. వింత అది కాదు. తమ జట్టుకు వచ్చేది కాస్త తగ్గినా సరే, అవతలి జట్టుతో తేడా పెరిగే పంపకం వైపు మొగ్గారు. దీన్నుంచే ఆయన, జాన్ టర్నర్ కలిసి 1979లో సామాజిక గుర్తింపు సిద్ధాంతం రాశారు. మన గురించి మనం మంచిగా అనుకోవాలంటే, మనం చేరిన గుంపు మంచిదై ఉండాలి. దాని సారం ఇంతే.

'నువ్వేం చేశావని?' అన్న ప్రశ్నకు రెండు జవాబులు

మా చెల్లెలు అడిగిన ప్రశ్నను 2001లో జర్మనీ అధ్యక్షుడు యొహానెస్ రౌ కూడా అడిగాడు. జర్మన్‌గా పుట్టినందుకు సంతోషపడొచ్చు, కృతజ్ఞతగా ఉండొచ్చు గానీ, గర్వపడటమంటే సొంతంగా సాధించిన దాని గురించే అని ఆయన అన్నాడు. దేశమంతా దాని మీద చర్చ జరిగింది. హిట్లర్ కాలం తర్వాత ఆ దేశంలో జెండా ఊపడానికే జనం జంకేవాళ్ళు. గర్వపడాలనుకుంటే నేల గురించో రక్తం గురించో కాక, మనం రాసుకున్న రాజ్యాంగ విలువల గురించి పడదాం అని అక్కడి ఆలోచనాపరులు కొందరు ఒక దారి చూపించారు. ఇది మొదటి జవాబు. యూర్గెన్ హాబర్‌మాస్ దాన్ని బాగా ప్రచారం చేశాడు. మరీ పొడిగా ఉంది, రాజ్యాంగ అధికరణాలు తలుచుకుని ఎవరి గుండె ఉప్పొంగుతుంది అని దాన్ని విమర్శించిన వాళ్ళూ ఉన్నారు.

రెండో జవాబు ఆస్తి లెక్క లాంటిది. తాత పొలం మనం సంపాదించలేదు, అయినా మనదే. కాకపోతే పొలం తీసుకుంటే దాని మీదున్న అప్పు కూడా తీసుకోవాలి. దేశం మనదనుకుంటే దాని మంచికీ చెడుకూ కూడా మనం వారసులం. ఈ వాదన చేసేవాళ్ళు గర్వాన్ని సిగ్గుతో కొలవమంటారు. దేశంలో జరిగిన తప్పుకు నీకు సిగ్గేస్తే, గొప్పకు గర్వపడే హక్కు నీకుంది.

మన దగ్గరున్న ఉదాహరణతో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో అమరావతి స్తూపం ఉంది. వెళ్ళి చూస్తే మట్టి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. దాని శిల్పాలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా ఉన్నాయి, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఇంకా ఉన్నాయి. మొదటి చూపుకు కలిగేది గర్వం: రెండు వేల ఏళ్ళ కిందట మన వాళ్ళు ఇంత పనితనం చూపించారా అని. రెండోది కోపం: తెల్లవాళ్ళు పట్టుకుపోయారని. మూడోది కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చిన పద్దెనిమిదో శతాబ్దం ఆఖరు నాటికే స్థానికులు ఆ రాళ్ళు తవ్వి కట్టడాలకు వాడుకుంటున్నారు. ఎన్నో సున్నపురాతి పలకలు సున్నం బట్టీల్లో కాలిపోయాయి. చెక్కింది 'మన వాళ్ళు' అయితే, కాల్చింది ఎవరు? ఇక్కడ 'వాళ్ళు' అని తప్పుకుంటే చాల్దీని చెప్పిన సోమవారం చొక్కా కథే అవుతుంది.

జెండా కథ కూడా ఇలాంటిదే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య అక్కడ గాంధీకి జెండా నమూనా ఇచ్చారు. బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్న పాత విక్టోరియా మ్యూజియం భవనం ఆ కథకు గుర్తు. 'జాతీయ జెండా మా వాడే తయారుచేశాడు' అని కృష్ణా జిల్లా వాళ్ళం చెప్పుకుంటాం. కానీ ఆయన ఇచ్చినది ఎరుపు, ఆకుపచ్చ రంగులది. తెలుపు గాంధీ సూచన మీద చేరింది, మధ్యలో రాట్నం ఉండేది. కాషాయం 1931లో వచ్చింది. రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది 1947 జూలై 22న, రాజ్యాంగ సభలో. అంటే ఎన్నో చేతులు పడ్డాయి. ఆ మొదటి చేయి మాత్రం 1963లో చనిపోయేదాకా లేమిలోనే గడిపింది. ఆయన పేరిట తపాలా బిళ్ళ 2009లో వచ్చింది. 'మా వాడు' అన్నవాళ్ళం ఆయన ఉన్నన్నాళ్ళూ ఎక్కడున్నాం?

ఇష్టం ఎక్కడ ఆగి, పోటీ ఎక్కడ మొదలవుతుంది

1989లో కోస్టర్‌మన్, ఫెష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేసి, దేశభక్తినీ జాతీయవాదాన్నీ విడదీసి కొలిచారు. 'నా దేశం నాకిష్టం' అనేది మొదటిది. 'నా దేశం మిగతా వాటికంటే పైన ఉండాలి' అనేది రెండోది. రెండూ కొంత కలిసే నడుస్తాయి గానీ, ఒకటే కాదని తేలింది. మొదటిది బాగా ఉండి రెండోది తక్కువున్న మనుషులు ఉంటారు.

తర్వాత 2009లో అగ్నియెష్కా గోలెత్స్ ద జవాలా అనే శాస్త్రవేత్త ఇంకో రకాన్ని గుర్తించింది. తన దేశం చాలా గొప్పదని నమ్మడం, ఆ గొప్పను ఇతరులు గుర్తించడం లేదని నిత్యం రగిలిపోవడం. ఈ రకం గర్వానికి బయటివాడి మెప్పు తిండి లాంటిది. దొరక్కపోతే కోపం వస్తుంది. ఒక విదేశీ యూట్యూబర్ మన దోసె తిని కళ్ళు పెద్దవి చేస్తే లక్షల వ్యూస్ వస్తాయి. వాడే మన రోడ్డు మీది చెత్త చూపిస్తే వాడి కింద కామెంట్లు చదవలేం. రెండూ ఒకే రోగానికి లక్షణాలని నాకనిపిస్తుంది.

అయితే ప్రతి గొడవనూ ఈ చీటీ అంటించి పక్కన పెట్టలేం. గుంటూరు మహాత్మా గాంధీ రోడ్డులో ఉన్న జిన్నా టవర్ సంగతి చూడండి. దేశ విభజనకు ముందు కట్టింది. దేశాన్ని చీల్చిన మనిషి పేరు మన ఊరి నడిబొడ్డున ఎందుకు, మార్చండి అని ఒక వాదన. దేశం చీలినా ఆ పేరును అలాగే ఉంచగలిగిన ఊరు ఇది, అదే మన గొప్ప అని ఇంకో వాదన. 2022 జనవరి 26న కొందరు అక్కడ జెండా ఎగరేయబోతే పోలీసులు ఆపారు. ఫిబ్రవరి మొదట్లో టవర్‌కు మువ్వన్నెల రంగులు వేశారు, జెండా ఎగరేశారు. పేరు మారలేదు. రెండు వాదనలూ దేశం మీద గర్వంతోనే వచ్చాయన్నది గమనించాలి. ఒకరి గర్వం గాయాన్ని గుర్తుపెట్టుకుంటోంది, ఇంకొకరిది ఓర్పును. రంగులు ఎవరిని గెలిపించాయో గుంటూరు వాళ్ళనే అడగండి, మనిషికో జవాబు వస్తుంది.

చట్టం అడిగేది గౌరవం, గర్వం కాదు

ఇక్కడ చాలామంది తికమకపడతారు. రాజ్యాంగంలోని 51ఏ అధికరణం జెండానూ జాతీయ గీతాన్నీ గౌరవించడం పౌరుడి విధి అంటుంది. అవమానిస్తే శిక్షించడానికి 1971 చట్టం ఉంది. గర్వపడమని ఎక్కడా లేదు, ఉండదు కూడా. మనసులోకి దూరి చూసే అధికరణం ఎవరు రాయగలరు?

కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడేవాళ్ళు కాదు. పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు. స్కూలు తీసేసింది. 1986లో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన నిలిచింది. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదంది. 2016 నవంబర్‌లో సినిమా హాళ్ళలో గీతం తప్పనిసరి అని అదే కోర్టు ఆదేశించింది. అప్పట్లో పాప్‌కార్న్ ఒళ్ళో పెట్టుకుని లేవలేక కూర్చోలేక జనం పడ్డ టెన్షన్ గుర్తుందా? 2018 జనవరిలో దాన్ని హాలు వాళ్ళ ఇష్టానికి వదిలేసింది. ఇంకోవైపు, గౌరవంగా జెండా ఎగరేసుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కు అని 2004లో తీర్పిచ్చింది. 2021 డిసెంబర్‌లో పాలిస్టర్ జెండాలకు అనుమతి వచ్చింది, 2022లో ఇళ్ళ మీద రాత్రిపూట కూడా ఉంచొచ్చన్నారు. ఆగస్టు వస్తే విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇన్ని రకాల జెండాలు అమ్ముడుపోవడం వెనక ఈ మార్పులూ ఉన్నాయి.

రాష్ట్రం మీద అభిమానం దేశాభిమానాన్ని తగ్గిస్తుందా

తగ్గిస్తుందని ఒకప్పుడు ఢిల్లీలో గట్టిగా భయపడ్డారు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక గానీ ఆంధ్ర రాష్ట్రం రాలేదు. 1953 అక్టోబర్ 1న వచ్చింది, దాని హైకోర్టు గుంటూరులో పెట్టారు. భాష పేరుతో రాష్ట్రాలిస్తే దేశం ముక్కలవుతుందన్న జోస్యం మాత్రం నిజం కాలేదు. స్పెయిన్‌లో, బ్రిటన్‌లో వాడే ఒక సర్వే పద్ధతి ఉంది: మీరు దేశం వాళ్ళా, ప్రాంతం వాళ్ళా, రెండూ సమానమా అని ఐదు మెట్లలో అడుగుతారు. ఆ మధ్య మెట్టు మీద హాయిగా నిలబడే మనుషులు మన దేశంలో చాలామంది ఉంటారు. మా పెద్దమ్మ అయితే ఆ ప్రశ్నే అర్థం కాదంటుంది. తెలుగువాళ్ళం, కాబట్టి భారతీయులం. ఇందులో ఎంచుకునేదేముంది అంటుంది.

ఆ పెద్దమ్మే ఆ రాత్రి గ్రూపులో అందరూ అలిసిపోయాక ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. గొడవంతా ఆమె వినలేదు, కొడుకు పెట్టిన మొదటి మెసేజ్ దగ్గరే ఆగిపోయింది. భారత్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి అన్నయ్య కిందటేడాది అక్కడి పౌరుడై ఇక్కడి పాస్‌పోర్టు వదులుకున్నాడు. ఆమె అడిగింది ఇంతే: "మా దగ్గర అన్నావేంట్రా? మా అంటే ఎవరు?"

రెండు నీలం టిక్కులు పడ్డాయి. 'టైపింగ్' అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. చివరికి వాడు రాసింది: "మన దగ్గర టైమ్ ఎంతయిందమ్మా, ఇంకా పడుకోలేదా?"